స్పెక్ షీట్‌లో ఓడిపోయే బండిని జనం ఎందుకు కొంటున్నారు?

ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? రెండు మోడల్స్ స్పెక్స్ పక్కపక్కన పెడతాం. ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ, డిస్‌ప్లే... ఎక్కువ వరసల్లో ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్లే విన్నర్.

ఇదే పద్ధతిలో ఇప్పుడు రెండు బైక్‌లు చూద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350: 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ, 5 గేర్లు, 195 కిలోలు, గాలితో ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. బజాజ్ పల్సర్ ఎన్ఎస్400జెడ్ (2024 మోడల్): 373 సీసీ, 40 పీఎస్, 6 గేర్లు, 174 కిలోలు, లిక్విడ్ కూలింగ్, నాలుగు రైడ్ మోడ్‌లు, ట్రాక్షన్ కంట్రోల్. 2024లో ఈ పల్సర్ 1.85 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది. క్లాసిక్‌లో కింది వేరియంట్ ధర కూడా అప్పట్లో కాస్త అటూ ఇటూగా అంతే. అంటే దాదాపు అదే డబ్బుకి రెట్టింపు పవర్. ఇవే రెండు ఫోన్లయితే క్లాసిక్‌ని కామెంట్స్‌లో ఉతికి ఆరేసేవాళ్లం.

కానీ రోడ్డు మీద కథ వేరేలా ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 10 లక్షలకు పైగా బైక్‌లు అమ్మింది. అందులో ఎక్కువ భాగం 350 సీసీ బండ్లే. ఇన్ని లక్షల మందికి స్పెక్స్ చదవడం రాదనుకోవాలా? లేక మనం చదివే పద్ధతిలోనే ఏదో లోపం ఉందా? నా ఓటు రెండోదానికే.

'నోస్టాల్జియా' అని కొట్టిపారేయకండి

ఎవరిని అడిగినా వచ్చే రెడీమేడ్ జవాబు నోస్టాల్జియా. ఆ చరిత్ర నిజమే. ఇంగ్లండ్‌లో పుట్టిన బ్రాండ్, 1932లో మొదటి బుల్లెట్, 1950లలో మన ఆర్మీ ఇచ్చిన ఆర్డర్, 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా. ఇంగ్లండ్ కంపెనీ 1970 నాటికి మూతపడింది, మద్రాసు ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంది. మన ఊళ్లలో ఎన్‌ఫీల్డ్ ఏ మోడల్ అయినా పేరు ఒకటే, బుల్లెట్ బండి.

అయితే ఇప్పుడు క్లాసిక్ కొంటున్న పాతికేళ్ల కుర్రాడికి 1950లతో ఏం సంబంధం? వాడు ఆ కాలాన్ని చూడనే లేదు కదా, దేన్ని తలుచుకోవాలి? నోస్టాల్జియా ఒక్కటే కారణమైతే ఈ సేల్స్ ఏడాదికేడాది తగ్గాలి. అందుకే అసలు కారణాలు బండిలోనే వెతకాలి.

ఆ నంబర్ ఏ ఆర్‌పీఎం దగ్గరిది?

స్పెక్ షీట్‌లో పవర్ పక్కన చిన్న అక్షరాల్లో ఒక ఆర్‌పీఎం ఉంటుంది. మనం దాన్ని దాటేసి వెళ్లిపోతాం. అసలు విషయం అక్కడే ఉంది.

పవర్ దాదాపు సమానంగా ఉన్న రెండు బండ్లు తీసుకుందాం. యమహా ఎంటీ-15ది 155 సీసీ, 18.4 పీఎస్. అయితే ఆ పవర్ వచ్చేది 10,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 14.1 న్యూటన్ మీటర్లు, అది 7,500 దగ్గర. క్లాసిక్‌కి 27 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎంకే.

పవర్ అంటే టార్క్‌ని ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. ఆ లెక్కన 4,000 ఆర్‌పీఎం దగ్గర క్లాసిక్ దాదాపు 15 బీహెచ్‌పీ ఇస్తుంది. అంటే దాని మొత్తం పవర్‌లో మూడొంతులు. ఎంటీ-15 తన గరిష్ఠ టార్క్ మొత్తం అక్కడే ఇచ్చేసిందనుకున్నా 8 బీహెచ్‌పీ దాటదు. క్లాసిక్ బరువు 54 కిలోలు ఎక్కువ, నిజమే. ఆ బరువుతో భాగించి చూసినా 4,000 దగ్గర క్లాసిక్‌దే పైచేయి.

ఎంటీ-15 చెడ్డ బండి అని కాదు. ఇంజిన్‌ని పైకి తిప్పి నడిపేవాళ్లకి అది పండగే. కానీ పంజాగుట్ట నుంచి హైటెక్ సిటీకి సాయంత్రం ఆరింటికి వెళ్లేవాడు 10,000 ఆర్‌పీఎం ఎక్కడ చూస్తాడు? మూడో గేర్‌లో పెట్టి, క్లచ్ జోలికి వెళ్లకుండా, ముందు ఆటో కదిలినప్పుడు కొంచెం యాక్సిలరేటర్ తిప్పితే బండి లాగాలి. అతనికి కావాల్సింది అంతే. ఇక టాప్ స్పీడ్ అంటారా? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీదికి బైక్‌లని రానివ్వరు. నాలుగు లేన్ల హైవే మీద బైక్‌కి కేంద్రం పెట్టిన పరిమితి గంటకి 80 కిలోమీటర్లు. ఫోన్ బెంచ్‌మార్క్ స్కోర్‌కి, రోజూ వాట్సాప్ తెరుచుకునే స్పీడ్‌కి ఎంత సంబంధమో, 40 పీఎస్‌కి మన రోజువారీ ప్రయాణానికి అంతే సంబంధం.

ఆ డుగ్ డుగ్ శబ్దం కూడా ఈ లెక్కలో భాగమే. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. ఐడిల్‌లో 1,000 ఆర్‌పీఎం అనుకుంటే సెకనుకి ఎనిమిది పేలుళ్లు. ఇంత నెమ్మదిగా వస్తే చెవి ఒక్కో దెబ్బనీ విడిగా వింటుంది. అదే 10,000 ఆర్‌పీఎం అయితే సెకనుకి 83. అప్పుడు దెబ్బలు కలిసిపోయి ఒకే కూతలా వినిపిస్తాయి. క్లాసిక్‌లో పిస్టన్ ప్రయాణం 85.8 మిల్లీమీటర్లు, సిలిండర్ వెడల్పు 72. ఇలాంటి లాంగ్ స్ట్రోక్ ఇంజిన్‌ని నెమ్మదిగా తిరిగేలా డిజైన్ చేస్తారు. శబ్దమూ, కింది ఆర్‌పీఎంలో లాగే గుణమూ రెండూ ఆ డిజైన్ నుంచే వచ్చాయి.

ఫ్రంటెండ్ పాతదే, బ్యాకెండ్ మొత్తం కొత్తది

క్లాసిక్ కొనేవాళ్లకి పాత టెక్నాలజీ ఇష్టం అనుకోవడం ఇంకో పొరపాటు. 2009లో వచ్చిన మొదటి తరం క్లాసిక్ నడిపినవాళ్లని అడగండి. 80 దాటితే హ్యాండిల్, ఫుట్‌పెగ్ రెండూ వణికేవి, అద్దంలో వెనకొచ్చే లారీ రెండు లారీల్లా కనిపించేది.

2021 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో ఇంజిన్ మార్చేశారు. వణుకు తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. ఛాసిస్ కొత్తది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బీఎస్6తోనే వచ్చేసింది. మారనిది కంటికి కనిపించేదే: గుండ్రటి హెడ్‌లైట్, దాని పైన రెండు చిన్న పైలట్ లైట్లు, నీటిబొట్టు లాంటి ట్యాంక్, ముల్లు తిరిగే స్పీడోమీటర్. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ మొత్తం తిరగరాసి, యూజర్ ఇంటర్‌ఫేస్ ముట్టుకోలేదు. "పాత బుల్లెట్ బీట్ పోయింది" అని కొందరు పెద్దలు గొణిగారు. జనం మాత్రం కొన్నారు.

అంటే వీళ్లకి కావాల్సింది పాత బండి కాదు, అలవాటైన ఇంటర్‌ఫేస్ వెనక నమ్మకంగా పనిచేసే కొత్త ఇంజిన్. ప్రతి అప్‌డేట్‌కీ సెట్టింగ్స్ ఎక్కడికి పోయాయో వెతుక్కునే మనకి ఈ కోరిక అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

అసలు పాయింట్: 15 ఏళ్లు

మన దేశంలో సొంత బైక్ ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యూ కూడా చేయించుకోవచ్చు. చాలా ఇళ్లలో ఒక బండి అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి ఊళ్లో బాబాయికి వెళ్తుంది.

ఇప్పుడు ఫోన్ల వైపు చూడండి. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామంటే మనం చప్పట్లు కొట్టాం. ఏడేళ్లు ఫోన్‌కి చాలా ఎక్కువ. బైక్‌కి అది సగం వయసు కూడా కాదు.

మరి బ్లూటూత్, నావిగేషన్, యాప్, టీఎఫ్‌టీ స్క్రీన్ అంటూ బైక్ కంపెనీలు చేసే ప్రచారంలో "ఈ యాప్ ఫలానా ఏడాది వరకు పనిచేస్తుంది" అన్న లైన్ ఎప్పుడైనా చూశారా? ఫోన్ రివ్యూలో మనం తప్పకుండా అడిగే ప్రశ్నని బైక్ రివ్యూలో ఒక్కసారి కూడా అడగం. కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నవాళ్లకి తెలుసు: వాడేవాళ్లు తగ్గిన యాప్‌ని ఎవరూ పట్టించుకోరు, ఖర్చు అనిపించిన సర్వర్‌ని ఒకరోజు ఆపేస్తారు.

ఇది ఊహ కాదు. 2023 జూలైలో నెదర్లాండ్స్‌కి చెందిన వాన్‌మూఫ్ అనే ఎలక్ట్రిక్ సైకిల్ కంపెనీ దివాలా తీసింది. ఆ సైకిళ్ల అన్‌లాక్, సెట్టింగ్స్ యాప్‌తో ముడిపడి ఉన్నాయి. సర్వర్లు ఆగిపోతే పరిస్థితి ఏంటని వాడేవాళ్లు కంగారుపడ్డారు. చివరికి పోటీ కంపెనీ అయిన కౌబాయ్, వాళ్ల డిజిటల్ తాళాలని కాపాడుకోవడానికి ఒక యాప్ తయారుచేసి ఇచ్చింది. తర్వాత వాన్‌మూఫ్‌ని వేరే సంస్థ కొన్నది, అది వేరే విషయం. చక్రాలు, చైన్ అన్నీ బాగున్న వస్తువు, సర్వర్ కోసం ప్రార్థించాల్సి వచ్చింది.

క్లాసిక్‌లోనూ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. ఈసీయూ ఉంది, ఏబీఎస్ ఉంది, కొన్ని వేరియంట్లలో ఫోన్‌తో కలిసి దారి చూపించే ట్రిప్పర్ అనే చిన్న గుండ్రటి స్క్రీన్ కూడా ఉంది. తేడా ఎక్కడంటే, ఆ ట్రిప్పర్ రేపు చచ్చిపోయినా పక్కన స్పీడోమీటర్ ముల్లు తిరుగుతూనే ఉంటుంది. అదొక అదనపు పరికరం మాత్రమే, బండి దాని మీద ఆధారపడలేదు. అదే మొత్తం సమాచారం ఒకే స్క్రీన్‌లో ఉంటే, పదేళ్ల తర్వాత ఆ స్క్రీన్ పాడైతే? ఆ పార్ట్ అప్పటికి దొరుకుతుందా? దొరికినా ఎంతకి? క్లాసిక్ కొనేవాళ్లు ఈ ప్రశ్నల్ని మన భాషలో అడగకపోవచ్చు. "ఈ బండైతే ఉంటది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. లెక్క మాత్రం అదే.

కాస్త రొమాన్స్ తక్కువ ఉన్న కారణం: పన్ను

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైక్‌ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది దాటితే 40 శాతం. క్లాసిక్ ఇంజిన్ 349 సీసీ, పల్సర్ ఎన్ఎస్400జెడ్‌ది అప్పటికి 373. గుండ్రటి లైటూ, 39.5 బీహెచ్‌పీ పవరూ రెండూ ఇచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400ది అప్పటికి 398. ఒకవైపు పన్ను తగ్గి, ఇంకోవైపు పెరిగింది. క్లాసిక్ ఎందుకు కొంటున్నారంటే ఈ సమాధానం కూడా లిస్టులో ఉండాల్సిందే.

'క్లాసిక్' అన్న పేరుతో వేటిని క్షమించకూడదు?

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా అనాలి. పాత రూపాన్ని ఇష్టపడటం వేరు, పాత భద్రతతో సర్దుకుపోవడం వేరు.

క్లాసిక్ కింది వేరియంట్లలో ఏబీఎస్ సింగిల్ ఛానెల్, అంటే ముందు చక్రానికి మాత్రమే. వెనక డ్రమ్ బ్రేక్. 125 సీసీ దాటిన బండికి చట్టం ఏబీఎస్ అడుగుతుంది కానీ సింగిల్ ఛానెల్‌తో సరిపెట్టుకుంటుంది. 195 కిలోల బండి, దానిమీద ఇద్దరు మనుషులు, తడి రోడ్డు, ముందు సడన్‌గా గేదె... వెనక చక్రం లాక్ అయితే లుక్ కాపాడదు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. స్పోక్ వీల్స్ ఉన్న వేరియంట్లలో ఇప్పటికీ ట్యూబ్ టైర్లే. రాత్రి పదింటికి నకిరేకల్ దాటాక పంక్చర్ అయితే ఈ 'హెరిటేజ్' విలువ ఎంతో అర్థమవుతుంది.

వీటిలో ఒక్కటి మార్చినా బండి రూపం చెడదు. డ్యూయల్ ఛానెల్ ఏబీఎస్ బయటికి కనిపించదు, దానివల్ల ఇంటర్‌ఫేస్ మారదు, యాప్ అక్కర్లేదు. అలాంటప్పుడు దాన్ని పై వేరియంట్‌కి దాచిపెట్టడం సంప్రదాయం కాదు, వ్యాపారం. కొనేవాళ్లు పది, పదిహేను వేలు ఎక్కువ పెట్టాల్సొచ్చినా డ్యూయల్ ఛానెలే తీసుకోవాలి. కలర్ మీద రాజీపడొచ్చు, బ్రేక్ మీద వద్దు.

నా వెర్డిక్ట్

వేగం మీకు సరదా అయితే, ట్రాక్ డేస్‌కి వెళ్తుంటే, ఘాట్ రోడ్డులో వంపులంటే ప్రాణమైతే క్లాసిక్ మీ బండి కాదు. పల్సర్, డ్యూక్ తీసుకోండి, హాయిగా ఉంటారు. సిటీలో రోజూ ముప్పై కిలోమీటర్లు, నెలకోసారి ఊరు, పదేళ్లకి పైగా ఉంచుకోవాలనే ఆలోచన... ఇది మీ లెక్కయితే క్లాసిక్ తెలివైన ఎంపికే. ఎవరైనా "అంకుల్ బండి" అని నవ్వితే 4,000 ఆర్‌పీఎం లెక్క చూపించండి.

మనలాంటి టెక్ పిచ్చోళ్లం చేయాల్సిన పని ఇంకొకటుంది. బైక్ రివ్యూల్లో రెండు కొత్త వరసలు అడుగుదాం. ఒకటి: సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఎన్నేళ్లు, యాప్ లేకపోతే ఏమేం ఆగిపోతాయి? రెండు: అన్నిటికన్నా చవక వేరియంట్‌లో ఏ భద్రత తీసేశారు? మొదటి ప్రశ్నకి మోడ్రన్ బైక్‌లు జవాబు చెప్పాలి, రెండోదానికి క్లాసిక్‌లు. ఈ రెండు వరసలూ లేని స్పెక్ షీట్ సగమే నిండినట్టు.