డిగ్రీ ఫోన్లోకి వచ్చింది, పరీక్ష ఇంకా దూరంలోనే ఉంది

ఇంటర్ అయ్యాక చదువు ఆపేసిన తమ్ముళ్లకి, డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి చేసి పంపించేసిన చెల్లెళ్లకి, పోడు పని చూసుకునేవాళ్లు లేక కాలేజీ వదిలేసిన అన్నలకి ఈ మాటలు. ఊరికే ధైర్యం చెప్పడానికి రాయట్లేదు. మీ డిగ్రీ ఇప్పటికీ పూర్తి చేయొచ్చు. ఇంట్లో ఉండే చేయొచ్చు. హాస్టల్, మెస్, రూమ్ అద్దె లేకుండా కొద్ది వేలలో చేయొచ్చు. కానీ ఈ దారిలో మనల్ని ముంచేవాళ్లు కూర్చుని ఉన్నారు. ప్రభుత్వం చేయాల్సిన పని కూడా చాలా మిగిలి ఉంది. అందుకే "చేరండి" అని ఒక్క మాట చెప్పి వదిలేయలేను.

ముందు అందరికీ ఉండే అనుమానం. "దూరవిద్య డిగ్రీకి విలువ ఉంటదా అన్నా?" ఉంటది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే దూరవిద్యలో చేసినా, ఆన్‌లైన్‌లో చేసినా ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీకి సమానమే. ఇది యూజీసీ 2020 నిబంధనల్లో ఉంది. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ విషయాన్ని మళ్లీ ప్రత్యేకంగా ప్రకటించింది కూడా. గ్రూప్స్ రాయొచ్చు, సివిల్స్ రాయొచ్చు, పీజీకి పోవచ్చు. "ఓపెన్ డిగ్రీయా?" అని ఎవరైనా ఆఫీసులో మొహం చిట్లిస్తే, ఆ ప్రకటన ప్రింట్ తీసి బల్ల మీద పెట్టండి.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, మనకు డిగ్రీ అవసరం ఇంకా పెరిగింది. షెడ్యూల్డ్ ఏరియా స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో జీవో 3 ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జీవో కోసం, దాని స్థానంలో చట్టం కోసం మన పోరాటం ఆగదు. కానీ మన ఏరియాలో నోటిఫికేషన్ పడిన రోజు, అర్హత లేక మనోళ్లు బయటే నిలబడితే ఎట్లా? ఇంటర్ దగ్గర ఆగిపోయిన ప్రతి ఒక్కరూ ఆ రోజు లెక్కలోకి రారు.

మన భాషలో చదవాలంటే మొదట చూడాల్సింది డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో పుట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దాని తెలుగు పుస్తకాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గ్రూప్స్‌కి చదివే ఏ రూమ్‌లోకి వెళ్లినా, రెగ్యులర్ కాలేజీలో చదివినవాళ్ల దగ్గర కూడా అవే పుస్తకాలు కనిపిస్తాయి. అంటే వాళ్లు డిగ్రీ అయ్యాక కొనుక్కుని చదివేదాన్ని మీరు డిగ్రీ కోసమే చదువుతారు. రెండోది ఇగ్నో. 1985లో పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం. వయసు అడ్డు లేదు. మూడేళ్ల డిగ్రీని మెల్లగా ఆరేళ్లలో అయినా పూర్తి చేసుకోవచ్చు. కొన్ని కోర్సుల్లో ఎస్సీ, ఎస్టీలకు ఫీజు మినహాయింపు కూడా ఇస్తూ వచ్చింది. ప్రతిసారీ ప్రాస్పెక్టస్ చూసి, మీ కోర్సుకు ఉందో లేదో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. దూరవిద్య అంటే పుస్తకాలు చదివి, అసైన్‌మెంట్లు రాసి, పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయడం. ఆన్‌లైన్ డిగ్రీ అంటే పాఠాలన్నీ నెట్‌లోనే. పరీక్ష కొన్నిచోట్ల ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని, కొన్నిచోట్ల సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీ ఈ ఆన్‌లైన్ రకం. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష పాసైతే సీటు. ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఫీజులో పెద్ద రాయితీ ఉంది. కానీ అంతా ఇంగ్లీషు, లెక్కలు గట్టిగా రావాలి, పరీక్ష పట్టణానికి వెళ్లి రాయాలి. ఏకలవ్య స్కూల్లో ఎంపీసీ బాగా చదివిన పిల్లలు మీ ఊళ్లో ఉంటే వాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. మిగతావాళ్లకి ఆన్‌లైన్ డిగ్రీ కన్నా పుస్తకం చేతికి వచ్చే దూరవిద్యే మేలని నా అభిప్రాయం. కరెంటు పోయినా పుస్తకం పోదు.

ఇక ముంచేవాళ్ల గురించి. బస్టాండ్ గోడల మీద చూసే ఉంటారు. "టెన్త్ ఫెయిలా? వన్ సిట్టింగ్‌లో డిగ్రీ!" అని పోస్టర్, కింద ఫోన్ నంబర్. ఒక్క విషయం గుర్తుంచుకోండి. మూడేళ్ల డిగ్రీని ఒక్క కూర్చుడులో ఇచ్చే యూనివర్సిటీ ఈ దేశంలో లేదు. వెనక తేదీ వేసి ఇచ్చే సర్టిఫికెట్ ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌లో పట్టుబడుతుంది. అప్పుడు ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా మీ మీదే. ఏజెంటు అప్పటికి ఫోన్ నంబర్ మార్చేసి ఉంటాడు. మేకలమ్మి నలభై వేలు, యాభై వేలు కట్టినవాళ్లు మనలో ఉన్నారు. సిగ్గుపడి బయటికి చెప్పుకోరు. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు యూజీసీ దూరవిద్య విభాగం, అంటే డెబ్, వెబ్‌సైట్‌లో మూడు చూడండి: ఆ యూనివర్సిటీ పేరు, మీరు చేరే కోర్సు పేరు, ఈ ఏడాదికి అనుమతి ఉందా లేదా. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు, కోర్సు కూడా ఉండాలి. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా, వ్యవసాయం ఈ పద్ధతిలో లేవు. బీఈడీ కూడా పూర్తిగా ఆన్‌లైన్‌లో లేదు. దూరవిద్యలో ఉన్న బీఈడీ ఇప్పటికే టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లకే. ఫీజు నేరుగా యూనివర్సిటీ ఖాతాలోకే కట్టాలి. "మా సెంటర్‌కి ఫోన్‌పే చెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఫ్రాంచైజీలకు అనుమతి లేదని యూజీసీ చెప్తూనే ఉంది. యూజీసీ ఫేక్ యూనివర్సిటీల జాబితా కూడా పెడుతుంది. అందులో మన తెలుగు నేల పేర్లూ ఉన్నాయి, ఒకసారి చదవండి.

2024 నుంచి చేరేవాళ్లకి డెబ్ ఐడీ తప్పనిసరి. దానికి ముందు డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ తీసుకోవాలి. దానికి ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ కావాలి. పట్నంలో ఇది పది నిమిషాల పని. మన దగ్గర ఇక్కడే బండి ఆగుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పేరు రాసినవాడికి మన ఇంటిపేరు పలకడం రాదు, తోచినట్టు రాసేస్తాడు. పుట్టినరోజు సంగతి సరేసరి, కొన్ని ఊళ్లలో సగం మందిమి జనవరి 1నే పుట్టాం! అందుకని అడ్మిషన్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. ఇప్పుడే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, తేడా ఉంటే దిద్దించుకోండి. ఇంటర్ లేనివాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేయాలి. అది దాటవేసే అడ్డదారి ఏదీ లేదు.

ఇదంతా మన వంతు. ఇప్పుడు ప్రభుత్వం వంతు అడుగుదాం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీకి రోజూ వెళ్లేవాళ్లను చూసి తయారైంది. 75 శాతం హాజరు చూపించాలి. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న విద్యాదీవెన అని పేరు పెట్టినప్పుడు దూరవిద్య విద్యార్థులకు వర్తించదని నిబంధనల్లోనే రాశారు. కానీ ఎస్టీలకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో కరస్పాండెన్స్ కోర్సు చదివేవాళ్లకి ఫీజు తిరిగి ఇవ్వాలని, పుస్తకాలకు కూడా కొంత ఇవ్వాలని ఉంది. ఒక చేత్తో రాసింది ఇంకో చేతికి తెలియదన్నమాట. పట్నంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి ఒక్కో విద్యార్థి పేరు మీద ఏటా వేలకు వేలు కడుతున్నారు. అడవిలో కూలి చేసుకుంటూ చదివే అమ్మాయికి మూడు నాలుగు వేలు కట్టడానికి చేతులు రావా?

రెండోది పరీక్షలు. చదువు ఇంటికి వచ్చింది గానీ పరీక్ష రాలేదు. పొద్దున పది గంటలకు పేపరు ఉంటే, గుట్ట మీది ఊరి నుంచి మొదటి ఆటో దొరికి, రోడ్డు మీదికి వచ్చి, బస్సు పట్టుకుని సెంటర్‌కి చేరేసరికి పేపరు సగం అయిపోతుంది. కాబట్టి ముందు రోజే వెళ్లాలి. లాడ్జి, తిండి, కూలి పోవడం. ఇలా ఎన్ని పేపర్లుంటే అన్నిసార్లు. ఫీజు కన్నా ఈ ఖర్చే ఎక్కువ. ఆడపిల్లని ఒంటరిగా పట్నంలో రాత్రి ఉంచడానికి ఇంట్లో ఒప్పుకోరు, అక్కడితో ఆ ఏడాది పోయినట్టే. ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. జూన్ అంటే మనకు దుక్కులు, విత్తనాలు. డిసెంబరు అంటే పత్తి ఏరడం, కోతలు. ఈ క్యాలెండర్ వేసినవాళ్లకు పొలం గుర్తు లేదు.

ఇంటి నుంచే కెమెరా ముందు రాయొచ్చు కదా అని అంటారు. కరోనాలో పాఠాల కోసం సిగ్నల్ వెతుక్కుంటూ గుట్టలెక్కిన పిల్లలం మనం. పాఠం మధ్యలో ఆగితే మళ్లీ వినొచ్చు, పరీక్ష మధ్యలో ఆగితే ఏం చేయాలి?

పరిష్కారానికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం, చింతూరు, రంపచోడవరం, పాడేరు లాంటి చోట్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. గిరిజన సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. ఐటీడీఏలు ఉన్నాయి. వీటన్నింట్లో, ఇంకా లోపలి మండలాల్లో స్టడీ సెంటర్, పరీక్షా కేంద్రం రెండూ ఉండాలి. పరీక్షల రోజుల్లో దూరపు ఊళ్ల వాళ్లకి హాస్టల్లో నాలుగు రాత్రులు చోటు, భోజనం పెట్టాలి. ఒక గదిలో కంప్యూటర్లు, ఇన్వర్టర్, నెట్, ఫారాలు నింపడంలో సాయం చేసే ఒక మనిషి కావాలి. ఆ మనిషికి కోయనో గోండీనో కువినో వచ్చి ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా. "ఆన్‌లైన్ ఉంది కదా, మీకు కాలేజీ ఎందుకు, హాస్టల్ ఎందుకు" అని రేపు ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. దూరవిద్య ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవడానికి. పదిహేడేళ్ల పిల్లకి కావాల్సింది లైబ్రరీ, ల్యాబు, స్నేహితులు, తగాదా పడే క్లాసు. ములుగు సమ్మక్క సారక్క యూనివర్సిటీ కోసం విభజన చట్టం నుంచి 2023 డిసెంబరులో పార్లమెంటు బిల్లు దాకా ఎన్నేళ్లు ఆగామో గుర్తుంది కదా. ఇచ్చిన కాలేజీలను ఫోన్ చూపించి వెనక్కి తీసుకోనివ్వం.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో ఇంటర్ దగ్గర, డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు ఒక తెల్ల కాగితం మీద రాయండి. పేరు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, దగ్గరి పరీక్షా కేంద్రం ఎన్ని కిలోమీటర్లు. గ్రామసభలో తీర్మానం చేయించి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. ఆ కాగితం ఫోటో తీసి మాకు కూడా పంపండి, మండలాల వారీగా లెక్క కడుతున్నాం.