పదవ తరగతియు పరదేశ ప్రయాణమును

మనుష్యుడు తనకు నచ్చిన చోటికి పోయి, తన కష్టమును గిట్టిన కూలికి అమ్ముకొనుట అతని స్వాతంత్ర్యమనియు, సరిహద్దు పేరిట దానికి అడ్డుపడు అధికారము ప్రభుత్వమునకు లేదనియు స్వేచ్ఛావాదులు చెప్పుదురు. దేశము సంత కాదు, తరతరములవారు నిలుపుకొన్న ఆచారవ్యవహారములకు నిలయము గనుక, అందెవరు అడుగిడవలెనో నిర్ణయించుట ఆ ప్రజల వంతేయని సంప్రదాయవాదులు బదులు పలుకుదురు. పాశ్చాత్యదేశములలో ఈ వాదము రాకను గూర్చినది. పాలమూరులోని అచ్చంపేటవంటి వలసల సీమలో ఇది పోకను గూర్చినది.

సరిహద్దులన్నియు అన్యాయములని నేననను. పూర్వపు అచ్చంపేట తాలూకాలోని అమ్రాబాదు పీఠభూమి గ్రామములు 1950 నాటి ఉత్తర్వుచే షెడ్యూల్డు ప్రాంతములైనవి. అచటి భూమి గిరిజనేతరుల చేతిలో పడకుండ 1970 నాటి ఒకటి బై డెబ్బది నిబంధన అడ్డు నిలిచినది. దేశమంతట సంచరించుటకును నివసించుటకును స్వేచ్ఛనిచ్చిన రాజ్యాంగపు 19వ అధికరణమే, షెడ్యూల్డు తెగల మేలుకొరకు ఆ స్వేచ్ఛకు హద్దు పెట్టవచ్చుననియు చెప్పుచున్నది. అప్పుపత్రము చేతబట్టి వచ్చు బలవంతుని ఎదుట అచటి గిరిజనుడగు చెంచువానికి ఆ హద్దే అండ. ఇచ్చట సంప్రదాయవాదియే సత్యమునకు చేరువగా నున్నాడు.

కాని బలవంతుని ఆపవలసిన గీత బలహీనుని కాలికి సంకెల యగుచో దానిని సమర్థించుటెట్లు? గుంపు మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు తీసికొని, పిల్లలను ముసలివారికి అప్పగించి, ఊరూర ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్విన పాలమూరు కూలీని, నీవేమి చదివితివని దేశములో ఎవరును అడుగలేదు. అతడే గల్ఫునకు పోదలచినచో, పదవ తరగతి తప్పిన కారణమున పాస్‌పోర్టుపై ఈసీఆర్ (వలస తనిఖీ అవసరము) అను మూడక్షరములు పడును. 1983 నాటి వలసల చట్టము ననుసరించి, పేర్కొన్న దేశములకు పనికై పోవుటకు అధికారి అనుమతి కావలెను. డిగ్రీ చదివి అమెరికాకు పోవువానికి ఈ బాధ లేదు.

విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమేయని 1967 ఏప్రిలులో సత్వంత్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించినను, ఆధిక్యపక్షపు తీర్పు వ్రాసినవారు, ప్రధాన న్యాయమూర్తి పదవి విడుచుచున్న ఆ దినములలో, మన కోకా సుబ్బారావుగారు. ఆ పిమ్మటనే పాస్‌పోర్టుల చట్టము వచ్చినది. ఆ తీర్పులోని స్వాతంత్ర్యము పదవ తరగతి ఉత్తీర్ణులకు మాత్రమే యని ఎచ్చటను లేదు.

ఏజెంట్ల మోసమును, పాస్‌పోర్టు లాగుకొను యజమానుల దౌర్జన్యమును నెరుగుదుము, రక్షణ అవసరమే. అయితే అనుమతి దొరకక విజిట్ వీసాపై దొంగచాటుగా పోయినవానికి ఆ రక్షణయు దక్కదు. మోసపోవువాని ప్రయాణమునకు గాక మోసగాని వ్యాపారమునకు హద్దు పెట్టుడు. ఒప్పందపత్రమును తెలుగులో చదివి వినిపించుడు. దౌత్యకార్యాలయమున అతని గోడు వినువానిని నియమింపుడు. చదువును బట్టి పాస్‌పోర్టులను వేరుచేయు ఆ నిబంధనను తొలగింపుమని పార్లమెంటులో పట్టుబట్టవలసిన బాధ్యత మన తెలుగు సభ్యులది.