తూకమునకు వేయరాని ఇనుము



కిందటి సంవత్సరము వార్షికోత్సవ సన్నాహమునకై కూడిన మన పెద్దల సభలో నేనొక చిన్న విన్నపము చేసితిని. ఉత్సవ మంటపము ప్రక్కనున్న ఖాళీ స్థలమున రేకుల పందిరి యొకటి వేసి, మేము కొందరము బాగుచేసిన పాత చేతి ట్రాక్టరును, ఒక ఆయిల్ ఇంజనును, ఒక కపిల బానను అక్కడ ఉంచనిండని అడిగితిని. ఒక పెద్దమనిషి నవ్వి, “ఏమండీ, ఇది సాంస్కృతిక సంఘమా, పాత ఇనుప సామానుల కొట్టా?” అనెను. సభవారందరును నవ్విరి. నేనును నవ్వి కూర్చుంటిని. ముప్పది ఆరేండ్లు గుమాస్తాగిరి చేసినవాడను. పెద్దల మాటకు ఎదురాడు అలవాటు లేదు. కాని నోట రాని మాట గుమాస్తాకు కలమున వచ్చును. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఈ సంచికలో చెప్పుకొనుచున్నాను.

మన సంచికలను తిరుగవేసి చూడుడు. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును స్థాపించిన కథ ప్రతి సంచికలోను కలదు. తిరుమల నాయకుని మహలు స్తంభములను గూర్చి వ్రాయనివారు లేరు. మన తేని ప్రాంతపు బోడినాయకనూరు పాలెమును గూర్చియు పలుమారులు చదివితిమి. ఇవన్నియు మనవే, కాదనను. కాని మనలో ఎందరి తాతలు పాలెగాండ్రు? ఎందరి తాతలు కత్తి పట్టిరి, ఎందరి తాతలు మేడిపట్టిరి? నిజము చెప్పుకొందము. మనలో పెక్కుమంది పూర్వులు నల్లరేగడిని వెదకుకొనుచు వచ్చి, ముండ్లచెట్లు నరికి, బావులు త్రవ్వి బ్రతికిన కాపులు. తెలుగింట పుట్టి తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ గారు 1976లో వెలువడిన తమ ‘గోపల్ల గ్రామము’ నవలలో చెప్పినది ఈ కథయే. తమిళులు దానిని తమ సాహిత్యముగా గౌరవించుచున్నారు. మనము మాత్రము మన తాతల చేతిపనిని మరచి, వారికి లేని కిరీటములను తగిలించుచున్నాము.

ఆ చేతిపనిలో మొదటిది కపిల. నేటి పిల్లలు చూచియుండరు కనుక చెప్పుచున్నాను. బావి గట్టునుండి పల్లమునకు వాలుగా త్రవ్విన బాటలో ఎద్దులజత దిగుచుండగా మోకు లాగబడును. గిలకమీదుగా బాన పైకి వచ్చును. బానకు తగిలించిన తోలు తొండము తొట్టిలో నోరు తెరచి నీరు క్రక్కును. ఎద్దులు వెనుకకు నడచిన మరల బాన దిగును. తెల్లవారుజామున మొదలిడి ఎండ ముదురువరకు ఇదే పని. కపిల, మోకు, గిలక, బాన, తొండము—ఈ మాటలన్నియు మా యింట నేను అన్నముతోబాటు తిన్న తెలుగు.

ఇక ఆ తొండమును కుట్టినవారెవరు? తోలు నానవేసి, పదునుపట్టి, చుక్క నీరు కారకుండ కుట్టినవారు అరుంధతీయులు. వారిలో పెక్కు కుటుంబములు నేటికిని ఇంట తెలుగే మాటలాడుదురు. మనతోబాటు ఈ నేలమీద నిలిచినవారు, మన బావుల నీటిని పైకి తెచ్చినవారు. మన సంచికలలో వారి పేరు ఎక్కడనైన కలదా? నేను మా యింటనున్న పాత సంచికలన్నియు వెదకితిని. ఒక్కచోటను కనుపడలేదు. “తెలుగువారము అల్పసంఖ్యాకులము” అని ప్రభుత్వమునకు అర్జీ పెట్టునప్పుడు జనాభాలెక్కలో వారిని కలుపుకొందుము. విందు వడ్డించునప్పుడు మరతుము.

కపిల తరువాత ఇంజను వచ్చినది. 1895లో పెరియార్ అణకట్ట పూర్తియై, పడమట పోవు నీరు కొండ సొరంగముగుండ మన కంబం లోయకు మరలినది. కాలువ క్రింది వారు రెండు కార్లు వరి పండించుకొనిరి. కాలువ అందనివారికి మాత్రము బావియే దిక్కు. ఆ బావులమీద ఆయిల్ ఇంజనులు వెలసినవి. కోయంబత్తూరు వైపున 1932లో పైకారా విద్యుత్తు రాగా పని వేరు మలుపు తిరిగినది. కలంగల్ గ్రామమున 1893లో పుట్టిన మన జి.డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి 1937లో దేశీయమైన విద్యుత్ మోటారును తయారుచేసిరి. తరువాత కోయంబత్తూరు పంపుసెట్టు దేశమంతట నీరు తోడినది. పలనాటి నుండియో, రాయలసీమ నుండియో వచ్చిన వలసకాపుల మనుమలు దేశమునకు మోటారు చేసియిచ్చుట సంస్కృతి కాదా? సంస్కృతి యనగా పట్టుచీర, పద్యము, పాయసము మాత్రమేనా?

మా నైనాకు ఒక ఆయిల్ ఇంజను ఉండెడిది. ప్రతి ఆయుధపూజకు దానిని కిరసనాయిలుతో తుడిచి, ఇత్తడి పలకకు చింతపండు రుద్ది, కుంకుమబొట్టు పెట్టెడివాడు. 1983లో మా చెల్లెలి పెండ్లికి డబ్బు చాలక దానిని తూకమునకు అమ్మివేసెను. అందులో తప్పేమియు లేదు, పెండ్లి జరిగినది. కాని ఆ యేటి ఆయుధపూజనాడు ఆయన కుంకుమభరిణె చేతపట్టుకొని ఆ ఖాళీ కొట్టము వాకిట ఊరక నిలిచియుండుట నేను చూచితిని. నాలుగు దశాబ్దములు గడచినను ఆ దృశ్యము నాకు మరపునకు రాలేదు.

అందుచేతనే 2011 వేసవిలో చిన్నమనూరు దగ్గర బంధువుల తోటకు శుభలేఖ ఇయ్య బోయినప్పుడు, పశువులకొట్టము వెనుక చింతచెట్టు క్రింద పడియున్న చేతి ట్రాక్టరును చూచి నిలిచిపోతిని. పాత ఇనుము బేరగాడు అప్పటికే వచ్చి కిలోకు ఇంతయని ధర చెప్పిపోయెను. అది కేరళలోని అత్తాణిలో, 1973లో నెలకొల్పబడిన కేరళ ఆగ్రో మెషినరీ కార్పొరేషన్ వారు జపాను కుబోటా కంపెనీ పద్ధతిని తయారుచేసిన పాత బండి. రెండు చక్రములు, రెండు పొడుగు పిడులు, ముందొక సిలిండరు గల డీజిలు ఇంజను, వెనుక గుండ్రముగా తిరుగు కత్తులు. మనిషి దాని వెంట నడచును. పెద్ద ట్రాక్టరు మళ్లలేని అరటివరుసల నడుమ, తల వంచుకొని పోవలసిన ద్రాక్షపందిళ్ల క్రింద, మోకాటిలోతు వరిబురదలో ఇదియే పనిచేసినది. ఎద్దులు లేని చిన్న రైతును నిలిపినది. బేరగాడు చెప్పిన ధరకు నూరు రూపాయలు చేర్చి నేను కొంటిని. మా ఇల్లాలు వారము రోజులు నాతో మాటలాడలేదు.

ఇంజనులో పిస్టను బిగిసిపోయియుండెను. నలుగురు మెకానిక్కులు పెదవి విరిచిరి. అయిదవవాడు మా ఊరి అరుంధతీయ ఫిట్టరు. నాకంటె నాలుగేండ్లు పెద్ద. ఆయన తండ్రి మా నైనా బావికి తొండము కుట్టినవాడు. ఆయన ఫ్లయివీలుమీద చేయివేసి, అటునిటు కదల్చి చూచి, “ఇది చావలేదు సామీ, ఊపిరాడక పడి ఉండాది, అంతే” అనెను. హెడ్డు విప్పి, సిలిండరులో కిరసనాయిలును డీజిలును కలిపి పోసి, తొమ్మిది దినములు నాననిచ్చెను. ప్రతి సాయంకాలము పిస్టను నెత్తిన చెక్కదిమ్మె పెట్టి మెల్లగా తట్టెడివాడు. “ఇనుముకు ఇనుము తగలకూడదు సామీ” అనెడివాడు. పదవనాడు వెంట్రుకవాసి కదలినది. మేమిద్దరము చిన్నపిల్లలవలె కేకవేసితిమి.

తరువాత పని పెరిగినది; పనితోబాటు మనుష్యులు పెరిగిరి. బస్సు డిపోలో పనిచేయు తమిళ మిత్రుడొకడు ఇంజెక్టరు విప్పి శుభ్రముచేసి, చినుకు పొగమంచువలె పడువరకు విడువలేదు. కొలిమి పనివాడు అరిగిన కత్తులకు కొత్త అంచు కట్టెను. పిస్టను రింగులు మాత్రము ఎక్కడను దొరకలేదు. కుమిళి కనుమకు ఆవల ఒక మలయాళీ విడిభాగముల అంగడివాడు తెప్పించి యిత్తునని చెప్పెను. అంతలో ఆ సంవత్సరము నవంబరు, డిసెంబరులలో ముల్లపెరియార్ తగవు రగిలి కుమిళి దారి మూతపడినది. ఈ వైపు వారు ఆ వైపు వారిని పేరెత్తి తిట్టుచుండిన కాలము. అంగడివాడు ఆ రింగులను మరియొకరికి అమ్మలేదు. దారి తెరచిన పిమ్మట తానే బస్సెక్కి వచ్చి, కాగితపు పొట్లమును నా చేతబెట్టి, మా యింట కాఫీ త్రాగి పోయెను. ఏ నీటికై రెండు రాష్ట్రములు తగవులాడెనో, ఆ నీటిలో దున్నిన యంత్రమునకు ప్రాణము కొండకు ఆవలినుండి వచ్చినది. ఏ సౌభ్రాత్ర సభలోనైన ఇంతకంటె మేలైన ఉపన్యాసము విన్నవారున్నచో చేయెత్తుడు.

ఇంకొక మాట చెప్పవలెను. ఇది నాకు సిగ్గుచేటు మాట. ఆ ఫిట్టరును నేను మొదట పేరుపెట్టి ‘నువ్వు’ అని పిలిచితిని. మా నైనా ఆయన తండ్రిని అట్లే పిలిచెను గనుక. ఆయన నన్ను ‘సామీ’ అనెడివాడు. ఆరు నెలలు ఒకే నూనెలో చేతులు ముంచిన పిమ్మట ఒకనాడు నా నోట “అన్నా” అను మాట తనంతట వచ్చినది. ఆయన నా వైపు చూడలేదు. బనీనుగుడ్డతో చేతులు తుడుచుకొని కొంతసేపు ఊరకుండి, “తమ్ముడూ, ఆ పదునాలుగు నంబరు స్పానరు ఇట్లా ఇయ్యి” అనెను. అంతే. ఏ తీర్మానమును అక్కరలేకపోయెను. 2012 సంక్రాంతికి ముందు హ్యాండిలు త్రిప్పగా మూడవమారు తెల్లపొగ, వెనువెంటనే నల్లపొగ చిమ్మి యంత్రము పలికినది. అప్పటినుండి మేము ఇంకను మూడు యంత్రములను లేపితిమి. ప్రతి ఆదివారము ఆ కొట్టములో తెలుగు, తమిళము, మలయాళము కలిసి నడచుచున్నవి.

ఇక మన పెద్దల ఆక్షేపణలను విచారింతము.

“దీనివలన భాషకు ప్రయోజనమేమి?” అందురు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో మన పిల్లలకు తెలుగుచదువు మరింత దుర్లభమైనది. దానికై అర్జీలు పెట్టుట న్యాయమే. యంత్రము అక్షరాభ్యాసము చేయదని నేనును ఒప్పుకొందును. కాని భాష పనిలో బ్రతుకును. కాలేజీలో చదువు నా మనుమడు వేదికమీది పద్యమునకు ఆవలించును, కొట్టములో మాత్రము “తాతా, దీనిని మనవాళ్లు ఏమందురు?” అని అడుగును. అడిగిన పిల్లవానికి చెప్పిన మాట నిలుచును.

“ఖర్చు దండుగ” అందురు. మొదటి యంత్రమునకు కొన్న ధరతో కూడ మాకైనది పదునొకండువేల నాలుగువందల రూపాయలు. లెక్క నాయొద్ద కలదు. మన ఉత్సవపు ఒక సాయంకాలపు దీపాలంకరణ లెక్కయు నాయొద్ద కలదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపుటకు సిద్ధముగా ఉన్నాను.

“ఆ కాలము కష్టకాలము, దానిని పొగడనేల?” అందురు. ఈ ఆక్షేపణ గౌరవింపదగినది. కపిల తోలినవాని వెన్ను విరిగినది, తొండము కుట్టినవానికి కూలి సరిగా దక్కలేదు. ఇంజనులు తోడి తోడి భూమిలోని నీటిని పాతాళమునకు దింపినవి. ఇవన్నియు నిజములే. అందుకే వస్తువు ఉండవలెను. వస్తువు పోయిన పిమ్మట కష్టము చెప్పినను పిల్లలు కథయనుకొందురు.

కొందరు ధనవంతులు పాత ఇంజనులకు ఎర్రరంగు పూసి హోటలు వాకిట నిలుపుచున్నారు. రంగు పూయుట పునరుద్ధరణ కాదు. లోపల పిస్టను బిగిసియుండగా పైన మెరుగు పెట్టుట శవమునకు అలంకారము చేయుటయే. అమెరికాలో 1960 దశకారంభమున వచ్చిన కబ్ కాడెట్ తోటట్రాక్టరును, 1963లో జాన్ డీర్ కంపెనీ తెచ్చిన 110 అను బండిని నేటికిని సామాన్యులు తమ కొట్టములలో విప్పి బిగించి, నడిపి, సంతలవలె కూడి చూపుకొందురు. అక్కడి గొప్పతనము రంగులో లేదు. నడచుటలోను, నడిపినవారు ఒకరినొకరు ఎరుగుటలోను ఉన్నది.

కనుక నా కోరికలు మూడు. మన కుటుంబములలో ఎవరైనను పాత ఇంజను, చేతి ట్రాక్టరు, కపిల బాన తూకమునకు వేయుటకు ముందు సంఘమునకు ఒక కబురు పంపవలెను. ఒక రేకుల పందిరి వేసి, ప్రతి వస్తువు ప్రక్కన తెలుగులోను తమిళములోను దాని పేరు, దానిని వాడినవాని పేరు, దానిని చేసి బాగుచేసినవాని పేరు వ్రాయవలెను. మూడవది, ఆ పేరు వ్రాసిన తరువాత ఆ మనిషిని సభ్యునిగా చేర్చుకొనవలెను. మా ఫిట్టరన్న పేరు మన సభ్యత్వ పుస్తకమున లేదు. అడుగగా, “నిబంధనలలో అడ్డేమియు లేదు” అని బదులు వచ్చినది. నిబంధనలలో లేని అడ్డు ఎక్కడున్నదో మనకందరికిని తెలియును. అదియును బిగిసిపోయిన పిస్టనే. తొమ్మిది దినములు నానవలెనేమో, తొంబది దినములు నానవలెనేమో. చెక్కదిమ్మెతో తట్టుటకు నేనీ వ్యాసమును తెచ్చితిని.

ఈ సంవత్సరపు ఉత్సవమునకు పందిరి వేయుదురో వేయరో సభవారి చిత్తము. ఆయుధపూజనాడు మాత్రము మా కొట్టము తెరచియుండును. కుంకుమభరిణె సిద్ధముగా ఉండును. నన్ను చూచి నవ్విన పెద్దమనిషితో సహా అందరికిని ఇదియే ఆహ్వానము. మొదటి బొట్టు ఫిట్టరన్న పెట్టును.