యంత్రాన్ని నిందించే ముందు

మన విద్యార్థులలో ఒక అలవాటు నానాటికీ ప్రబలుతున్నది. కంప్యూటరుపై పని మందగించగానే "యంత్రం పాతది సార్, కొత్తది తెప్పించండి" అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా పలు సందర్భాలలో దోషం యంత్రానిది కాదు, మనం దానిపై మోపిన భారానిది అని నా అభిప్రాయం.

ఈ సంచిక కోసం మన గ్రంథాలయ భవనపు నక్షాను సిద్ధం చేస్తున్నపుడు ఇది నాకు స్వయంగా అనుభవమైంది. ఆటోకాడ్‌లో గీసిన ఆ నక్షా మాకు పీడీఎఫ్ రూపంలో అందింది. గదుల పేర్లను తెలుగులోను, ఉర్దూలోను చేర్చుదామని దానిని ఇంక్‌స్కేప్‌లో తెరిచాము. ఒక్క గీతను జరిపితే అది కదలడానికి నిమిషం పట్టింది.

కారణమేమి? ఛాయాచిత్రం చుక్కల సముదాయం; దాని పరిమాణాన్ని బట్టి చుక్కల సంఖ్య ముందే స్థిరపడి ఉంటుంది. ఇంక్‌స్కేప్ వంటి సాధనాలలో అలా కాదు. అక్కడ ప్రతి గీతా ఒక ప్రత్యేక వస్తువు. దాని ఆద్యంతాలు, మందము, రంగు వేరువేరుగా నమోదై ఉంటాయి. చిత్రాన్ని పెద్దది చేసినా, పక్కకు జరిపినా, తెరపై కనబడే గీతలన్నింటినీ యంత్రం మళ్ళీ లెక్కకట్టి గీయవలసిందే.

మరి నక్షాలో గీతలెన్ని? నూరడుగుల గోడను అంగుళానికొక ఏటవాలు గీత చొప్పున నింపితే 1,200 గీతలు. ఆటోకాడ్‌లో ఆ నింపుడంతా ఒకే వస్తువు. పీడీఎఫ్‌గా మారేసరికి ఏ గీతకా గీత విడిపోతుంది. వృత్తాలు తరచుగా చిన్న చిన్న ముక్కలవుతాయి. కొన్ని రకాల అక్షరాలు అక్షరాలుగా మిగలక గీతల పోగులవుతాయి. దీనికి తోడు ఒకదానిపై ఒకటి పడిన జంట గీతలు! మన ఆలంకారికులు పునరుక్తిని కావ్యదోషమన్నారు. నక్షాకూ అది దోషమే.

నివారణ కష్టమైనది కాదు. ఆటోకాడ్‌లోనే నింపుడు గీతల పొరను, కొలతల పొరను ఆపివేసి, ఓవర్‌కిల్ అనే ఆజ్ఞతో జంట గీతలను తొలగించి, ఆ తరువాత పీడీఎఫ్ తీయాలి. ఇంక్‌స్కేప్‌లో అవసరం లేని పొరలను దాచి, అవుట్‌లైన్ పద్ధతిలో చూస్తూ పని చేయాలి. సింప్లిఫై ఆజ్ఞను మాత్రం గోడలపై ప్రయోగించరాదు. అది గీతలను తగ్గించే తొందరలో మూలలను గుండ్రం చేస్తుంది. మార్పులు అక్కరలేని నక్షానైతే ఛాయాచిత్రంగా మార్చి అడుగున ఉంచి, పేర్లను మాత్రం పైన వ్రాసుకోవచ్చు. మేము నక్షాను వెనక్కు పంపి, నింపుడు గీతలు లేని ప్రతిని తెప్పించుకున్నాము. అదే పాత యంత్రంపై ఒక్క పూటలో పని ముగిసింది.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. కొత్త యంత్రాలు కొనండి, కాదనను. నిజంగా జ్ఞాపకశక్తి చాలని యంత్రాలు కొన్ని ఉన్నాయి. కాని దాతల చందాలతో, విద్యార్థుల ఫీజులతో నడిచే సంస్థ మనది. ప్రతి రూపాయికీ జవాబు చెప్పుకోవాలి. కనుక కొనుగోలుకు ముందు, పత్రాన్ని శుభ్రపరచి పని చేయడమెట్లో నేర్పే నాలుగు తరగతులు ఏర్పాటు చేయండి. లేనిచో కొత్త యంత్రంపై కూడా ఆ పాత భారమే పడుతుంది.

విద్యార్థులారా! వ్యాసంలో అనవసరమైన మాటలను కొట్టివేయమని తరగతిలో మీకు చెబుతూనే ఉంటాను. ఆ నియమం గీతలకూ వర్తిస్తుందని గ్రహించండి.