సీమలో పుడితే చాలా?

“జయప్రకాశ్ రెడ్డికి నటించే పనేముందప్పా, సీమోడే గదా! ఉన్నట్టు మాట్లాడినాడు, సరిపాయ.” మా బేతంచెర్లలో ఏ టీకొట్టు టీవీలో ఆయన సినిమా వచ్చినా ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. పత్రికల్లోనూ ఇదే పాట, కాస్త ఇస్త్రీ చేసిన భాషలో: సహజ నటుడు, సీమ మట్టి వాసన, యాసకు ప్రాణం పోసినవాడు. పొగుడుతున్నామనే అనుకుంటారు. నాకు మాత్రం అది ఆయన కష్టాన్ని కాజేసినట్టే ఉంటుంది. పైగా అందులో మన పరువూ పోతోంది.

1946లో ఆళ్లగడ్డ దగ్గర శిరువెళ్లలో పుట్టారు, కాదనను. కానీ తండ్రి పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. చదువు కొంత నెల్లూరులో, కొంత అనంతపురంలో సాగింది. ఆ తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారు. ఇక ఆయన నోట మోగిన డైలాగులంటారా? ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999) రెండింటికీ మాటలు రాసింది పరుచూరి సోదరులు. వాళ్లది కృష్ణా జిల్లా. కృష్ణా జిల్లా వాళ్లు రాసిన మాటను గుంటూరు మాస్టారు పలికితే, అది శిరువెళ్ల నేలలోంచి దానంతటదే మొలిచిందని మనం మురిసిపోతున్నాం.

ఇక్కడి అసలు మాట వినాలంటే ఏ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకో పోవాలి. మిషన్ హోరు, బండ మీద తెల్లటి బురదనీళ్లు, ఆ మధ్యలో ఇద్దరి కేకలు. “యాడికి లోడు?” “డోనుకు పోతాది, బిన్నా ఎక్కీప్పా!” అంతే. సగం అక్షరాలు మింగేస్తారు, మిగతా సగం పరుగెత్తిస్తారు. తెర మీద ఆయన ఇలా మాట్లాడి ఉంటే రాజమండ్రిలో టికెట్టు కొన్నవాడికి ఒక్క ముక్క బోధపడేది కాదు. అందుకే ఆయన మాటను నెమ్మది చేశారు. అక్షరాన్ని నమిలి, వాక్యం తోకమీద బరువు పెట్టి, మధ్యలో ఆ పెద్ద కళ్లను ఎదుటివాడి మీద నిలిపి, ఆ తర్వాతే మిగతాది వదిలేవారు. ఇది ఊళ్లో అబ్బేది కాదు. ఆఖరి వరుసలో కూర్చున్నవాడికీ మాట చేరాలనే పట్టుదల ఉన్న నాటకాలవాళ్ల విద్య. నల్లగొండలో ఆయన నాటకం చూసే దాసరి నారాయణరావు రామానాయుడికి చెప్పి, 1988లో ‘బ్రహ్మపుత్రుడు’లో వేషం ఇప్పించారు. ఆ వెనక వచ్చిన చిన్నాచితకా వేషాలు కూడు పెట్టకపోతే మళ్లీ గుంటూరు వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పుకున్నారు. ‘ప్రేమించుకుందాం రా’ వచ్చేనాటికి వయసు యాభై దాటింది. పుట్టుకతోనే వచ్చిన విద్య అయితే యాభై ఏళ్లు దేనికి పట్టిందో!

ఆయన పుట్టిన ఏడాదే ఇంగ్లండులో వారింగ్టన్ అనే ఊళ్లో పీట్ పోస్టల్‌త్‌వెయిట్ పుట్టారు. ఆయనా మొదట బడిపంతులే, ఆయనా నాటకాల నుంచి వచ్చినవారే, హీరో మొహం కానివారే. ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ (1995)లో ఏ దేశానిదో తేలని యాసతో కొబయాషి అనే లాయరు వేషం కట్టారు. చూసినవాళ్లు ఆ యాసను నేర్పుగానే లెక్కగట్టారు. మన మాస్టారు యాస కడితే మాత్రం జన్మస్థలం ఖాతాలో వేసేశాం.

యాస వినని చెవికి అదంతా పట్టుబడేదా అని అడుగుతారు. పట్టుబడకపోవచ్చు. కానీ సీమలో లక్షలమందిమి పుట్టాం, ఆ మాటే మాట్లాడతాం. మనలో ఎందరు జయప్రకాశ్ రెడ్డులయ్యాం? గనిలోంచి లేపిన బండకూ, పాలిష్ అయ్యి లారీ ఎక్కే బండకూ తేడా బేతంచెర్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు గదా. భయపెట్టిన ఆ గొంతుతోనే ‘రెడీ’ (2008)లో జనాన్ని పడీపడీ నవ్వించారు. యాస అదే, మీసం అదే. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్న లెక్క ఒక్కటే మారింది.

అసలు నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. ఆయనకు పేరు తెచ్చినవి నరికేవాళ్ల, నరికించేవాళ్ల వేషాలు. అవి ‘సీమోడు గనక సహజంగా’ వచ్చాయంటే, నరకడం సీమోడికి సహజమని ఒప్పుకున్నట్టే. ఫ్యాక్షన్ లేదని నేను బొంకను. ఆళ్లగడ్డ వైపు ఆ పగలకు మగదిక్కు లేకుండా పోయిన ఇళ్లున్నాయి. కానీ ఆ పాత్రలు వేసింది పోలీసు కొడుకు, బడిపంతులు. ఆయన చేసింది నటన అని ఒప్పుకుంటేనే అది ఒక వేషమని తేలుతుంది. లేదంటే మన పిల్లలు హైదరాబాదులో అద్దె గది అడిగినప్పుడల్లా “మీది సీమా? బాంబులు గట్రా తెచ్చారా?” అనే వెకిలి నవ్వు భరించాల్సిందే. ఆ నవ్వుకు దారి వేసింది సినిమావాళ్లే గాదు, ‘మనోడు ఉన్నట్టే చేసినాడు’ అని ఈలలేసిన మనం కూడా.

2020 సెప్టెంబరు 8న ఆయన గుంటూరులో పోయినప్పుడు నివాళుల్లో ఎటు చూసినా ఫ్యాక్షన్ సినిమాల సుమోలూ కత్తులే. ‘అలెగ్జాండర్’ సంగతి ఎత్తినవాళ్లు తక్కువ. పూసల వెంకటేశ్వరరావు రాసిన ఏకపాత్ర నాటకం అది. సైన్యంలో పనిచేసి రిటైరైన మేజరు ఒకడు, ఒక ఫోను. కష్టాల్లో ఉన్నవాళ్లు ఫోన్లు చేస్తుంటారు, అతను దారి చెబుతుంటాడు. అవతలి మనిషి కనపడడు. వాళ్ల ఏడుపూ మొండితనమూ అన్నీ ఇవతల వింటున్న మొహం మీదే మనం చూడాలి. కత్తి లేదు, ఊరి పగ లేదు, తొడ కొట్టేవాడు లేడు. సినిమాల్లో అంత తీరిక లేకుండా ఉన్న రోజుల్లోనూ దాన్ని వదలకుండా ఊరూరా ఆడారు. గంటన్నర పైగా ఆ బరువంతా ఒక్కరే మోశారు. ఆ బలం ఏ మట్టిలోంచి వచ్చిందో ‘సహజ నటుడు’ అని రాసేవాళ్లే చెప్పాలి.