గ్యాస్ టెర్మినల్ సామర్థ్యం పెంపు: సంతకం అమెరికాలో, ఖర్చు మన పద్దులో

సీతారామపురం మండలంలో గ్యాస్ అంటే 14.2 కిలోల సిలిండరే. రంజాన్‌లో సహరీ వేళకి అది అయిపోతే ఎంత ఇబ్బందో ప్రతి ఇంటికీ తెలుసు. అయితే ఆ ఊళ్లకి గ్యాస్ ఇంకో రూపంలో కూడా వస్తోంది. అది యూరియా సంచి.

ముందు ఈ తేడా చెప్పుకోవాలి, ఎందుకంటే టీవీ చర్చల్లో కూడా రెండింటినీ కలిపేస్తున్నారు. సిలిండర్‌లో ఉండేది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్. ఓడల్లో మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చి తెచ్చేది ఎల్‌ఎన్‌జీ, అంటే మీథేన్. ఈ రెండోది నేరుగా ఉదయగిరి వైపు వంటింటికి రాదు. ఎరువుల ఫ్యాక్టరీకి వెళ్లి యూరియాగా మారి సొసైటీ గోడౌన్‌కి చేరుతుంది. యూరియా తయారీ ఖర్చులో పెద్ద వాటా గ్యాస్‌దే. మన ఫ్యాక్టరీలు వాడే గ్యాస్‌లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వచ్చినదే.

45 కిలోల సంచి రైతుకి 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది. అసలు ఖర్చుకీ ఈ రేటుకీ మధ్య తేడాని కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. అందుకే గ్యాస్ రేటు పెరిగినా రైతుకి సంచి మీద కనపడదు. ఢిల్లీలో బడ్జెట్ పద్దులో కనపడుతుంది, లేదంటే సొసైటీ ముందు క్యూలో కనపడుతుంది. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు అలాంటి క్యూల్లో నిలబడ్డారు. దానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదు, దిగుమతి యూరియా టైమ్‌కి రాకపోవడం లాంటివి చాలా ఉన్నాయి. కానీ యూరియా గొలుసులో మొదటి కొక్కెం గ్యాసే.

ఆ గ్యాస్‌లో కొంత వచ్చేది అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సబీన్ పాస్ టెర్మినల్ నుంచి. షెనీర్ అనే కంపెనీది. దీని కథే విచిత్రం. 2008లో ఇది మొదలైంది గ్యాస్ దిగుమతి చేసుకోవడానికి. అమెరికాకి గ్యాస్ చాలదని అప్పట్లో లెక్క. ఇంతలో షేల్ గ్యాస్ వెల్లువలా వచ్చింది. కట్టిన దిగుమతి టెర్మినల్‌కి పని లేకుండా పోయింది. దాంతో కంపెనీ తలుపు అటు నుంచి ఇటు తిప్పింది, ఎగుమతికి పర్మిషన్ అడిగింది. 2012 ఏప్రిల్‌లో నిర్మాణానికి అనుమతి వచ్చింది. 2016 ఫిబ్రవరిలో తొలి ఓడ బ్రెజిల్‌కి బయలుదేరింది. మన గెయిల్ కోసం మెరీడియన్ స్పిరిట్ అనే ఓడ 2018 మార్చి 30న మహారాష్ట్రలోని దాభోల్‌కి చేరింది.

కానీ తొలి ఓడ కదలక ముందే, ఫ్యాక్టరీ ఇంకా కడుతుండగానే, 2013లో కంపెనీ ఇంకో అర్జీ పెట్టింది. రోజుకి 220 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్‌కి పర్మిషన్ ఉంది, దాన్ని 276 కోట్లు చెయ్యండి అని. అంటే నాలుగో వంతు పెంపు. కొత్తగా ఒక్క ఇటుక కూడా పెట్టం, మొదట లెక్క కట్టినప్పుడు జాగ్రత్తగా తక్కువ చేసి చూపించాం, అదే యంత్రాలు మంచి పరిస్థితుల్లో ఇంత ఇస్తాయి అన్నది వాళ్ల వాదన. 2014 ఫిబ్రవరిలో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అందరూ ఫెర్క్ అని పిలిచేది, సరే అంది.

ఇక్కడే అసలు ప్రశ్న. కొత్త నిర్మాణం లేకపోతే కొత్త ప్రభావం లేనట్టేనా? సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కాదంది. రోజుకి 56 కోట్ల ఘనపుటడుగులు అదనంగా పంపాలంటే ఎక్కడో అన్ని బావులు అదనంగా తవ్వాలి, దేశం లోపల గ్యాస్ రేటు పెరగొచ్చు, రేటు పెరిగితే కరెంటు కంపెనీలు మళ్లీ బొగ్గు వైపు వెళ్లొచ్చు, ఇవన్నీ చూడకుండా సంతకం ఎలా పెడతారు అని వాషింగ్టన్‌లోని అప్పీల్ కోర్టుకి వెళ్లింది.

కోర్టు 2016 జూన్ 28న తీర్పు చెప్పింది, సియెర్రా క్లబ్ ఓడిపోయింది. ఓడిన కారణం తెలుసుకోదగ్గది. 1938 నాటి నేచురల్ గ్యాస్ చట్టం కింద ఈ పనిని రెండు ఆఫీసులు పంచుకున్నాయి. టెర్మినల్ ఎక్కడ కట్టాలి, ఎలా నడపాలి అన్నది ఫెర్క్ చూస్తుంది. గ్యాస్‌ని దేశం దాటించొచ్చా అన్నది ఇంధన శాఖ చూస్తుంది. బావులు, రేట్లు, బొగ్గు లాంటివి ఎగుమతి వల్ల వచ్చే ప్రభావాలు, ఎగుమతికి అనుమతి ఇచ్చేది ఇంధన శాఖ, కాబట్టి అవి ఫెర్క్ చూడనక్కర్లేదు అని కోర్టు తేల్చింది. మరికొన్ని వాదనల్ని అయితే కోర్టు వినను కూడా వినలేదు, కమిషన్ ముందు రీహియరింగ్ దశలోనే వాటిని లేవనెత్తలేదు కాబట్టి. ఇంధన శాఖ మీద వేరే టెర్మినల్ విషయంలో వేసిన కేసు కూడా 2017 ఆగస్టులో వీగిపోయింది.

మన ఎమ్మార్వో ఆఫీసుకీ సర్వే ఆఫీసుకీ మధ్య తిరిగిన ఎవరికైనా ఈ తీర్పు కొత్తగా అనిపించదు. ఒక టేబుల్ దగ్గర అడిగితే ఇంకో టేబుల్ చూపిస్తారు. తేడా ఏమిటంటే, అక్కడ ప్రతి కాగితం అందరికీ కనపడేలా పెడతారు, ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, కాదంటే కోర్టుకి వెళ్లొచ్చు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ ఫైల్లో ఎవరి ప్రయోజనం తూకం వేస్తారు? అమెరికాతో ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఉన్న దేశానికి ఎగుమతి అయితే, అది ప్రజా ప్రయోజనమే అని చట్టం ముందే అనేసుకుంటుంది, ఆలస్యం లేకుండా పర్మిషన్ ఇవ్వాలి. ఒప్పందం లేని దేశానికైతే ఇంధన శాఖ ప్రజా ప్రయోజనాన్ని పరిశీలించాలి. గెయిల్ 2011 డిసెంబర్‌లో సబీన్ పాస్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు ఇండియా ఈ రెండో వరుసలోనే ఉంది. ఆ ప్రజా ప్రయోజనంలోని ప్రజ అమెరికా ప్రజ. కొనేవాడి రైతు, కొనేవాడి సబ్సిడీ ఆ తూకంలో లేవు. దాన్ని తప్పు పట్టలేం, ఏ దేశమైనా తన వాళ్లనే చూసుకుంటుంది. కానీ అమెరికాలో సామర్థ్యం పెరిగింది కాబట్టి మనకి గ్యాస్ చవక అవుతుంది అని ఇక్కడ సంబరపడేవాళ్లు ఒకసారి ఒప్పందం కాగితం చూడాలి.

ఏటా 35 లక్షల టన్నులు, 20 ఏళ్లు. రేటుకి రెండు భాగాలు. మొదటిది అమెరికా మార్కెట్ రేటుకి 15 శాతం కలిపి, అంటే హెన్రీ హబ్ రేటులో 115 శాతం. రెండోది ద్రవంగా మార్చినందుకు ఒక్కో యూనిట్‌కి 3 డాలర్ల ఫీజు. ఈ 3 డాలర్లు సరుకు ఎత్తుకున్నా కట్టాలి, వద్దనుకున్నా కట్టాలి. ఏడాదికి 18.25 కోట్ల యూనిట్లు, 3తో గుణిస్తే దాదాపు 55 కోట్ల డాలర్లు. 20 ఏళ్లకి సుమారు 1,100 కోట్ల డాలర్లు. షాపు తెరిచినా మూసినా అద్దె కట్టాల్సిన బజారు వ్యాపారి పరిస్థితి ఇదే. టెర్మినల్ కట్టడానికి కంపెనీకి బ్యాంకులు అప్పిచ్చింది ఇలాంటి సంతకాల ధైర్యంతోనే.

మరి పెరిగిన సామర్థ్యం లాభం ఎవరికి? ఒప్పందాలకి పోగా మిగిలిన గ్యాస్‌ని షెనీర్ సొంత అమ్మకాల విభాగం ఆ రోజు మార్కెట్ రేటుకి అమ్ముకుంటుంది. గెయిల్ వాటా 35 లక్షల టన్నులే, ఫీజు 3 డాలర్ల లెక్కే. కాగితం మీద పెరిగిన ప్రతి ఘనపుటడుగూ అమ్మేవాడి అదృష్టం. ప్రపంచం మొత్తానికి సరఫరా పెరిగితే రేట్లు మెల్లగా తగ్గుతాయి, అందులో మనకీ కొంత మేలు ఉంటుంది, నిజమే. అది పరోక్షంగా వచ్చేది, ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

2022లో ఏం జరిగిందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్ ఎంత రేటైనా ఇచ్చి గ్యాస్ కొనేసింది. అప్పటిదాకా రష్యా గాజ్‌ప్రోమ్ చేతిలో ఉండి జర్మనీ చేతికి వెళ్లిన సింగపూర్ సంస్థ గెయిల్‌కి ఇవ్వాల్సిన ఓడల్ని ఆపేసింది. గెయిల్ ఎరువుల ఫ్యాక్టరీలకి గ్యాస్ కోత పెట్టాల్సి వచ్చింది. గెయిల్ ఆర్బిట్రేషన్‌కి వెళ్లాక 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. డబ్బు వచ్చింది సరే, మరి ఆ సీజన్? అదే సంవత్సరం సబీన్ పాస్ ఒప్పందం మాత్రం గెయిల్‌ని ఆదుకుంది, మార్కెట్ మండిపోతుంటే పాత ఫార్ములా రేటుకే గ్యాస్ దొరికింది. అద్దె భారం అనిపించిన షాపు ఆ ఏడాది అన్నం పెట్టింది. అందుకే ఇలాంటి ఒప్పందాన్ని ఒక్క ఏడాది చూసి మంచిదనీ చెడ్డదనీ చెప్పడం కుదరదు.

ఆ తర్వాత ఈ పరిశీలన అమెరికాలో పూర్తిగా రాజకీయమైపోయింది. 2024 జనవరి 26న బైడెన్ ప్రభుత్వం ఒప్పందం లేని దేశాలకి కొత్త ఎగుమతి అనుమతుల్ని ఆపింది. జూలై 1న లూసియానాలో ఒక ఫెడరల్ జడ్జి ఆ నిలుపుదలకి బ్రేక్ వేశారు. డిసెంబర్‌లో ఇంధన శాఖ రిపోర్టు ఇచ్చింది, అడ్డూ అదుపూ లేకుండా ఎగుమతి చేస్తే 2050 నాటికి దేశంలో హోల్‌సేల్ గ్యాస్ రేటు 30 శాతానికి పైగా పెరుగుతుందని. 2025 జనవరి 20న ట్రంప్ వచ్చిన రోజే అనుమతుల పరిశీలన మళ్లీ మొదలుపెట్టమని ఆర్డర్ ఇచ్చారు. చట్టం ఒక్క అక్షరం మారలేదు. కుర్చీలో మనిషి మారాడు.

ఖతర్ సంగతి వేరు. మన కుటుంబాల్లో ఎంతోమందికి ఖతర్ అంటే నెలనెలా డబ్బు పంపే దేశం. మన గ్యాస్‌కి కూడా అదే పెద్ద దిక్కు. 2004 జనవరిలో గుజరాత్‌లోని దహేజ్‌కి వచ్చిన తొలి ఓడ ఖతర్‌దే. ఏటా 75 లక్షల టన్నుల పెట్రోనెట్ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో గోవాలో 2048 దాకా పొడిగించారు. అదే నెలలో ఖతర్ తన సామర్థ్యాన్ని 7.7 కోట్ల టన్నుల నుంచి 2030కల్లా 14.2 కోట్ల టన్నులకి తీసుకెళ్తామని ప్రకటించింది. అక్కడ అభ్యంతరాల ఫైలూ లేదు, కోర్టు కేసూ లేదు, ప్రకటన ఒక్కటే. తమాషా ఏమిటంటే, సబీన్ పాస్‌కి ఎదురుగా టెక్సాస్ ఒడ్డున ఉన్న గోల్డెన్ పాస్ టెర్మినల్‌లో 70 శాతం ఖతర్ ఎనర్జీదే. సొంత గడ్డ మీద ఎవర్నీ అడగనక్కర్లేని కంపెనీ, అక్కడ సామర్థ్యం పెంచుకోవడానికి మాత్రం ఫెర్క్ ముందూ ఇంధన శాఖ ముందూ వరుసలో నిలబడింది. 2022 ఏప్రిల్‌లో గానీ పెంపు మేరకి ఎగుమతి అనుమతి రాలేదు.

మనది ఎగుమతి దేశం కాదు, దిగుమతి టెర్మినళ్లే ఉన్నాయి. అయినా ప్రశ్న అదే. దహేజ్ 50 లక్షల టన్నులతో మొదలై విడతలు విడతలుగా 1.75 కోట్లకి చేరింది, తర్వాత లక్ష్యం 2.25 కోట్లు. మనకి దగ్గర్లో చెన్నై పక్కన ఎన్నూరులో ఇండియన్ ఆయిల్ టెర్మినల్ 2019 మార్చిలో 50 లక్షల టన్నులతో మొదలైంది. ఇలాంటివి ఎక్కడ పెరిగినా పర్యావరణ అనుమతి 2006 నాటి నోటిఫికేషన్ కిందే నడుస్తుంది. అందులో విస్తరణలకి వేరే క్లాజు ఉంది. పాత ప్రాజెక్టు సామర్థ్యం పెంచుతున్నప్పుడు కొత్తగా ప్రభావ అధ్యయనం కావాలా, ప్రజాభిప్రాయ సేకరణ మళ్లీ పెట్టాలా అన్నది నిపుణుల కమిటీ నిర్ణయిస్తుంది. అంటే మొదటిసారి అడిగిన జనాన్ని రెండోసారి అడక్కపోవచ్చు. యంత్రాలు అవే కదా అన్న సబీన్ పాస్ వాదన ఇక్కడ కూడా చెల్లే అవకాశం ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మాత్రం దాని పద్ధతి సామాన్యుడికి అనుకూలంగానే రాశారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో నోటీసు వెయ్యాలి. కలెక్టర్ గానీ, అడిషనల్ కలెక్టర్‌కి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కోరం అక్కర్లేదు, పది మంది వచ్చినా సభ జరిగినట్టే. చివర్లో వచ్చిన అభ్యంతరాల్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి.

సభ ప్రాజెక్టు స్థలం దగ్గరే పెడతారు, అక్కడ మాట్లాడే అవకాశం స్థానికంగా నష్టపోయేవాళ్లకి. రేపు కృష్ణపట్నం ఒడ్డున ఏదైనా వస్తే, జిల్లాకి ఈ చివర కొండల కింద ఉన్న సీతారామపురం వాళ్లు ఆ లెక్కలోకి రారు. కానీ అదే నోటిఫికేషన్‌లో ఇంకో వరుస ఉంది. ప్రాజెక్టు పర్యావరణ అంశాలతో సంబంధం ఉందని చూపించగలిగిన ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం పంపొచ్చు. యూరియా కొనే రైతుకి ఆ సంబంధం ఉందా లేదా అని అడిగితే ఉందనే చెప్పుకోవచ్చు. ఆ కాగితం వెళ్లాల్సింది కాలుష్య నియంత్రణ మండలికి, నోటీసులో రాసిన గడువులోపల.