పోటీ ఎవరితో? కాలేది ఎవరి వేళ్లు?



రేషన్ డిపోలో వేలిముద్ర పడలేదని మా అమ్మ ఒకే నెలలో మూడుసార్లు ఖాళీ సంచితో ఇంటికొచ్చింది. "వేళ్లు తుడుచుకో అమ్మా" అన్నారట. తుడిస్తే వచ్చే ముద్రలు కావవి. ఇరవై ఏళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టిన వేళ్లు. పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టేది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, చిన్న పరిశ్రమలు పోటీలో నిలబడాలని ప్రపంచ బ్యాంకు డబ్బిస్తోంది. పలాస బాగుపడదా? నువ్వు ప్రతిదానికీ అడ్డమేనా?"

అడ్డం కాదు తమ్ముడూ, లెక్క అడుగుతున్నాను.

నువ్వు చెప్పే పథకం ర్యాంప్. 2022 మార్చిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. మొత్తం 6,062 కోట్లు. అందులో 3,750 కోట్లు ప్రపంచ బ్యాంకుది. అది దానం కాదు, అప్పు. తీర్చేది దేశం. అంటే సబ్బు మీద, చెప్పుల మీద పన్ను కట్టే మా అమ్మ కూడా. అప్పులో వాటా ఉన్న మనిషికి లాభంలో వాటా ఎంత? నా ప్రశ్న ఇదొక్కటే.

పలాస పోటీ ఎవరితో? వియత్నాం యంత్రాలతో. ఆఫ్రికా పిక్కలు ఓడల్లో దిగుతున్నాయి. వాటిని చూపించి ఉద్దానం రైతు ధరను నొక్కుతారు. 80 కేజీల బస్తాకు 16 వేలు ఇమ్మని రైతులు రోడ్డెక్కింది అందుకే. ఆడకూలీ కేజీకి రేటు పెంచమంటే "పోటీలో నిలబడలేం" అంటారు. ఇన్నాళ్లూ పలాస పప్పును పోటీలో నిలబెట్టింది ఆ తక్కువ కూలే కదా! ఆ మాట ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నాకు కనబడలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చేసింది. మా పేటకు లెక్కలు రాసుకోవడానికి వచ్చినాయన "తోటెంత?" అని అడిగాడు. "తోట లేదు బాబూ, పనే పోయింది" అంది అమ్మ. ఆ కాగితంలో దానికి గడి లేదు.

యంత్రం వద్దని నేననను. చెయ్యి కాలని యంత్రం మాకంటే ఎవరికి కావాలి? కానీ సబ్సిడీ యజమానికొచ్చి, పని పోయేది ఆమెకైతే దాన్ని అభివృద్ధి అని ఎలా ఒప్పుకోను? కిడ్నీలు పాడై మొగుడు డయాలసిస్‌కి తిరిగే ఇళ్లున్న ఊళ్లివి. అక్కడ ఆమె కూలే ఇంటికి ఆధారం.

"మనవాళ్లే యజమానులు కావచ్చుగా" అంటారు. 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా రుణమివ్వాలని అందులో రాశారు. కాగితం మంచిదే. షెడ్డుకు స్థలం, చేతిలో సొంత వాటా డబ్బు? తరతరాలుగా భూమి లేనివాళ్లు అవి ఎక్కడ తేవాలి?

బాబాసాహెబ్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లోనే అడిగారు: ప్రభుత్వం తప్పుకుంటే వచ్చే స్వేచ్ఛ ఎవరికి? కూలీ తగ్గించే యజమానికే కదా అని. ఇప్పుడు ప్రభుత్వం తప్పుకోవడం కూడా కాదు, అప్పు తెచ్చి మరీ యజమాని వెనక నిలబడుతోంది.

మా డిమాండ్లు చిన్నవే. ప్రజల డబ్బు తీసుకున్న ప్రతి యూనిట్ కూలీ రిజిస్టర్ బయట పెట్టాలి. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఉంటేనే సబ్సిడీ. యంత్రం వస్తే దాని మీద పని మొదట పిక్కలు కొట్టిన ఆడవాళ్లకే నేర్పాలి. వాళ్లు సంఘం పెట్టుకుంటే షెడ్డు, స్థలం ప్రభుత్వమే ఇవ్వాలి.

పలాస, టెక్కలి కాలేజీల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. శ్రీకాకుళం జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని అడగండి: పలాసలో ఏ యూనిట్‌కి ఎంత సబ్సిడీ ఇచ్చారు? వాటిలో ఎస్సీలవి ఎన్ని? పీఎఫ్ కార్యాలయాన్ని వేరే అడగండి: వాటిలో ఎంతమంది కూలీలకు పీఎఫ్ కడుతున్నారు?

జవాబు వచ్చినా, రాకపోయినా ఇక్కడ పెట్టండి. తర్వాతి భాగం దాని మీదే రాస్తాను.

జై భీమ్.